పాత పికప్పా, కొత్తదా? ఏడాదికి ఎన్ని రోజులు తిరుగుతుందో ముందు చూడండి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది మదనపల్లెకు పాతిక కిలోమీటర్ల దూరంలోని పల్లె. మేము ఆరెకరాల్లో, మా తమ్ముడు నాలుగెకరాల్లో టమాటా వేస్తాము. ఇంతవరకు కాయను బాడుగ బండిలోనే మండీకి తోలుతున్నాము. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు బండి దొరకడమే కష్టం, దొరికినా అడిగినంత ఇచ్చుకోవలసి వస్తోంది. అందుకే సొంతంగా పికప్ కొందామనుకుంటున్నాము. పక్క ఊరి వ్యక్తి ఒకరు 2016 మోడల్ బొలెరో పికప్‌ను 4 లక్షల 25 వేలకు ఇస్తామంటున్నారు. మీటరు లక్షా 60 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. షోరూములో కొత్తదానికి అన్ని ఖర్చులూ కలిపి 10 లక్షల 50 వేలు చెప్పారు. 2 లక్షలు కడితే మిగతాది ఐదేళ్ల అప్పుగా ఇప్పిస్తామన్నారు. మా కాయ, చుట్టుపక్కల రైతుల కాయ కలిపి ఏడాదిలో 140 రోజుల దాకా బండికి పని ఉంటుంది. అప్పుడప్పుడు తిరుపతికీ బెంగళూరుకూ వెళ్లాలి. నాన్నగారు పాతదే చాలంటున్నారు, తమ్ముడు కొత్తదే కొనాలంటున్నాడు. మీరేమంటారు?
– ఒక రైతు, మదనపల్లె ప్రాంతం

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు పనికొచ్చిన అంకె ఆ 140 రోజులు. చాలామంది పాత బండికీ కొత్త బండికీ ఉన్న తేడాను కొనుగోలు ధరలోనే చూసి ఆగిపోతారు. కొన్న రోజు నుంచి తిరిగి అమ్మే రోజు వరకు బండి మీద పెట్టిన మొత్తంలో నుంచి అమ్మగా వచ్చిన సొమ్మును తీసివేసి, మిగిలినదాన్ని బండి నిజంగా పని చేసిన రోజులతో భాగించినప్పుడే దాని అసలు ఖరీదు బయటపడుతుంది. మీరు చెప్పిన ధరలతోనే ఆ లెక్క వేసి చూపుతాను. డీజిలు, డ్రైవరు ఖర్చులు రెండు బండ్లకూ దాదాపు ఒకటే కాబట్టి వాటిని వదిలేశాను. అమ్మకపు ధరలు, మరమ్మతుల ఖర్చులు నా అంచనాలు. మీ ప్రాంతపు ధరలు తెలిసినవారిని అడిగి వాటిని సవరించుకోండి.

కొత్త బండికి ఎనిమిదిన్నర లక్షల అప్పును 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు 18,480 రూపాయలు పడుతుంది. ఐదేళ్లలో కట్టే వాయిదాల మొత్తం 11 లక్షల 9 వేలు, దానికి ముందు కట్టిన 2 లక్షలు కలిపితే 13 లక్షల 9 వేలు. ఐదేళ్ల తర్వాత బండి 5 లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే మీ చేతి నుంచి పోయేది 8 లక్షల 9 వేలు, అంటే ఏడాదికి లక్షా 62 వేలు. పూర్తి బీమాకు 40 వేలు, సర్వీసింగుకు 20 వేలు కలుపుకుంటే ఏడాదికి సుమారు 2 లక్షల 22 వేలు అవుతుంది. 140 రోజులతో భాగిస్తే బండి కదిలిన ప్రతి రోజుకూ దాదాపు 1,585 రూపాయలు పడుతుంది.

పాత బండికి లక్షా 75 వేలు చేతి నుంచి పెట్టి, రెండున్నర లక్షలు 15 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు తెచ్చారనుకుందాం. నెలకు దాదాపు 8,670 చొప్పున వాయిదాలకు పోయేది 3 లక్షల 12 వేలు. కొన్న వెంటనే టైర్లు, క్లచ్ ప్లేటు, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), బ్రేకు లైనింగుల కోసం 60 వేలు పక్కన పెట్టి తీరాలి. మొత్తం 5 లక్షల 47 వేలు. ఐదేళ్ల తర్వాత లక్షా 75 వేలు వస్తాయనుకుంటే ఏడాదికి పడేది 74 వేల పైచిలుకు. బీమాకు 22 వేలు, ఎఫ్‌సీ (బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం) వగైరా ఖర్చులకు 8 వేలు, మరమ్మతులకు 55 వేలు కలిపితే ఏడాదికి లక్షా 60 వేలు, అంటే రోజుకు 1,140 రూపాయల లెక్క.

కాబట్టి రెండింటి మధ్య తేడా ఏడాదికి 62 వేలు. ఇది చిన్న మొత్తం కాదు, అలాగని పాత బండి ఏం చేసినా లాభమే అనుకోవడానికి సరిపోయే మొత్తమూ కాదు. కోతల మధ్యలో పాత బండి ఒక రోజు ఆగిపోతే మీకు పోయే బాడుగ, అప్పటికప్పుడు మరో బండి మాట్లాడుకోవడానికి అయ్యే ఖర్చు కలిపి 5 వేలనుకుంటే, సీజన్‌లో పన్నెండు రోజులు ఆగిందంటే మిగిలిందనుకున్నదంతా హరించుకుపోతుంది. మీ తమ్ముడి భయం ఇదే అయితే అది అర్థం లేని భయం కాదు.

అయినా మీ విషయంలో నేను నాన్నగారి వైపే మొగ్గుతాను. అందుకు ముఖ్య కారణం టమాటా ధర. 2023 వేసవి చివర, వానకాలం మొదట్లో మదనపల్లె మండీలో కిలో వంద రూపాయలు దాటిన అదే కాయ, మరికొన్ని సీజన్లలో కోత కూలి కూడా రాక చేలోనే వదిలేసిన రోజులు మీకు నాకంటే బాగా తెలుసు. ధర పడిపోయిన ఏడాది మీ కాయకే కాదు, మీరు తోలే పక్క రైతుల కాయకూ గిరాకీ తగ్గుతుంది. బాడుగ ఆదాయం, పంట ఆదాయం రెండూ ఒకేసారి తగ్గుతాయి. ఆ ఏడాది కూడా నెలకు 18,480 రూపాయల వాయిదా మాత్రం తగ్గదు. నెలకు 8,670 రూపాయలైతే పాల డబ్బులతోనో మరో పంటతోనో సర్దుకోవచ్చు, అదీ మూడేళ్లతో తీరిపోతుంది. ఏడాదికి 280 రోజులు పని దొరికే మాటైతే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాను, ఎందుకంటే అంత తిరుగుడులో పాత బండి మరమ్మతులు రెట్టింపై ఆ 62 వేల తేడా దాదాపు చెరిగిపోతుంది. బెంగళూరుకు ఏడాది పొడుగునా కూరగాయలు పంపే ఒప్పందం ఏదైనా కుదిరితే అప్పుడు మీ తమ్ముడి మాటే సరైనదవుతుంది.

పాతదానికి అప్పు తెచ్చేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త పడండి. పాత బండ్లకు అప్పులిచ్చేవారు తరచుగా 'రూపాయి వడ్డీ' అంటారు. వినడానికి అది ఏడాదికి 12 శాతమే. కానీ మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా వారు మూడేళ్ల పొడుగునా మొత్తం రెండున్నర లక్షల మీదే వడ్డీ లెక్క కడతారు. ఆ లెక్కన వడ్డీ 90 వేలు, వాయిదా 9,444 రూపాయలు అవుతుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది 21 శాతానికి దగ్గరి వడ్డీ. బ్యాంకు చెప్పే 15 శాతం కంటే 'రూపాయి వడ్డీ' ఎక్కువన్న సంగతి సంతకం పెట్టేముందే తెలియాలి. వడ్డీ శాతాన్ని పక్కన పెట్టి, నెలకు ఎంత, ఎన్ని నెలలు అని మాత్రమే అడిగి పోల్చుకోండి.

ఇక ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కలిపి 10 లక్షలు ఉన్న బండి మీద ఇది దాదాపు 78 వేల తగ్గుదల. కొత్తది చవకైనప్పుడు పాతదాని ధర కూడా ఆ మేరకు దిగాలి. అమ్మేవారు మాత్రం తాము కొన్ననాటి ధరను మనసులో పెట్టుకుని చెబుతుంటారు. కాబట్టి 4 లక్షల 25 వేలను బేరానికి మొదటి మాటగానే తీసుకోండి.

నా సలహా అంతా ఒక షరతుకు లోబడి ఉంది: ఆ బండిని మీ మెకానిక్ చూడాలి, అమ్మేవారి మెకానిక్ కాదు. అతని కూలి ఇచ్చి, ఒక పూట పని మాన్పించి అయినా వెంట తీసుకువెళ్లండి. తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వస్తారని తెలిసి ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంటే, దాచవలసినదేదో ఉందని అనుమానించవచ్చు. చల్లటి ఇంజిన్ ఒకటి రెండు సెల్ఫులకు అందుకోవాలి. అందుకున్నాక సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందన్నమాట. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్లపొగ చిక్కగా వస్తుంటే ఇంజెక్టర్లదో, గాలి అందకపోవడమో, టర్బోదో లోపం. తెల్లపొగ చలికి కాసేపు వచ్చి పోతే పరవాలేదు, ఇంజిన్ వేడెక్కాక కూడా పోకపోతే హెడ్ గాస్కెట్ చూడాలి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీయించండి. అక్కడ కాస్త ఆవిరి కనిపించడం మామూలే. కానీ రైలింజన్ లాగా దబదబా పొగ కొడుతూ, బోర్లించి పెట్టిన మూతను ఎగరగొడుతుంటే లైనర్లు, రింగులు అరిగి ఇంజిన్ బోరుకు వచ్చినట్లే. ఆ పని 60 వేలతో తేలదు. అది కనబడితే బేరమాడకండి, ఇంటికి వచ్చేయండి.

ఇంజిన్ కంటే నేను ఎక్కువగా భయపడేది ఛాసిస్ గురించి. ఇంజిన్ చెడితే బాగు చేయించుకోవచ్చు. ఏళ్ల తరబడి మోయలేని బరువు మోసి వంగిన ఛాసిస్‌ను మునుపటిలా ఎవరూ నిలబెట్టలేరు. టమాటా బాక్సులను తాళ్లు కట్టి మనిషెత్తు దాటించి పేర్చే మన ప్రాంతపు బండ్లలో ఇది తప్పనిసరిగా చూడవలసిన చోటు. కింద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరి, క్యాబిన్ అయిపోయి తొట్టి మొదలయ్యే చోట, వెనక కమాన్ కట్టలు బిగించే బ్రాకెట్ల దగ్గర టార్చి వేసి చూడండి. వెల్డింగు అతుకులు, బోల్టులతో బిగించిన అదనపు ఇనుప పట్టీలు, ఆ ఒక్క చోట మాత్రమే కొత్తగా వేసిన నల్ల రంగు కనిపిస్తే అక్కడ ఛాసిస్ ఎప్పుడో చీలిందని గ్రహించవచ్చు. కంపెనీ ఇచ్చిన వాటికంటే ఎక్కువ కమాన్ పట్టీలు వేయించి ఉంటే ఆ బండి ఏ బరువులు మోసిందో అవే చెబుతాయి. బండిని చదునైన నేల మీద నిలిపి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే తొట్టి ఒక పక్కకు ఒరిగి ఉందో లేదో కంటికే తెలుస్తుంది.

మీటరు అంకెను నమ్మకండి, బండిని నమ్మండి. లక్షా 60 వేలే తిరిగిన బండిలో క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బర్లు పూర్తిగా అరిగి ఇనుము తేలి ఉండదు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. బటన్ (నేలను పట్టే గట్లు) ఎంత బాగున్నా అంత పాత రబ్బరు ఎండలో ఘాటు మీద నమ్మదగినది కాదు. క్లచ్ చూడడానికి హ్యాండ్ బ్రేకు బిగించి, మూడో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే ప్లేటు జారుతోంది.

వీటన్నిటికీ మించిన పరీక్ష ఒకటి ఉంది. కొనేముందు ఆ బండినే ఒక రోజు బాడుగకు మాట్లాడుకుని, మీ కాయనే నింపి, వీలైతే భాకరాపేట ఘాటు మీదుగా తిరుపతికి తోలించండి, పక్కన మీరు కూర్చోండి. ఎక్కుడులో వేడి ముల్లు పైకి పోతోందా, గేరు దానంతట అది జారి న్యూట్రల్‌కు వస్తోందా, వెనక హౌసింగు (వెనక ఇరుసు గేర్ల పెట్టె) ఊళ పెడుతోందా, దిగుడులో రెండు మూడు మలుపులు దాటేసరికి బ్రేకు పెడలు మెత్తబడుతోందా అన్నవి ఖాళీ బండిలో, ఊరి రోడ్డు మీద ఎప్పటికీ తెలియవు. ఆ రోజుకు ఇచ్చే బాడుగ మీకు నష్టమేమీ కాదు, ఎటూ ఆ కాయ వెళ్లవలసిందే. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే దాన్ని కూడా ఒక సమాధానంగానే తీసుకోండి.

2016 బండి బీఎస్-6 (బండి పొగపై కఠినమైన ప్రమాణాలు) రాకముందుది కావడం మీకు ఒక విధంగా మేలే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక చాలా డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు, దానికి తోడు ఎన్నో సెన్సర్లు చేరాయి. అవి గాలికి మేలు చేసేవే. కానీ చెడితే ఖర్చు ఎక్కువ, కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్ కావాలి. మీ పాత బండిని మండీ పక్కన ఉండే షెడ్డులోనే బాగు చేయించుకోగలరు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. బండి మొదటి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఎఫ్‌సీ రెండేళ్లకోసారి కాక ఏటా చేయించాలి. ప్రస్తుత ఎఫ్‌సీ, బీమా, పన్ను ఏ తేదీ వరకు ఉన్నాయో, చలాన్లు బాకీ ఉన్నాయేమో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో మీరే చూసుకోండి. ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే వారి నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. 7,500 కిలోల లోపు సరుకు బండ్లకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా) ప్రీమియం 16,049 రూపాయలు. బండి పాతదైనంత మాత్రాన అది తగ్గదు కాబట్టి బీమాలో మిగులుతుందని ఎవరైనా చెబితే ఆ మేరకు సర్దుకుని వినండి. మీ ఇంట్లో నడిపేవారికి కారు లైసెన్సు ఉంటే ఈ బండికి అది చాలు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది.

ఆ బండి పరీక్షల్లో తప్పితే వెంటనే కొత్తదాని వైపు పరుగెత్తకండి. ఇంకొక పాత బండిని వెతకండి. సీజన్ మొదలయ్యే ముందు నెలలో అందరికీ బండి కావాలి, ధరలూ అప్పుడే పెరుగుతాయి. కోతలు అయిపోయాక, వాయిదాలు బరువై అమ్మేవారు ముందుకు వచ్చే రోజుల్లో కొని, ఆ 60 వేల పనులూ పొలంలో పని లేని నెలల్లోనే చేయించి పెట్టుకోండి.

ప్రశ్న: ఖమ్మంలో మేము మంచినీళ్ల క్యాన్ల వ్యాపారం చేస్తున్నాము. ఆదివారాలు తప్ప రోజూ తిరగాలి, 40 కిలోమీటర్లు మించదు, కానీ గల్లీ గల్లీకీ ఆగాలి. 2018 డీజిల్ టాటా ఏస్ ఒకటి రెండు లక్షలకు వస్తున్నది. కొత్త పెట్రోలు చిన్న ట్రక్కు కొనడానికి సంఘం ద్వారా అప్పు దొరికేట్టు ఉంది. పాతదే తీసుకుని అప్పు తప్పించుకుందామా?
– ఒక సోదరి, ఖమ్మం

సమాధానం: పై ఉత్తరానికి పాత బండి మంచిదని రాశాను, మీకు కొత్తదే కొనండమ్మా అని రాస్తున్నాను. మీ బండి ఏడాదికి 300 రోజులకు పైగా తిరుగుతుంది, ప్రతి నెలా కచ్చితంగా డబ్బు వస్తుంది, ధర పడిపోయే పంట కాదు. వాయిదాకు తగిన ఆదాయం ముందే కనబడుతున్న చోట అప్పుకు అంత భయపడనక్కరలేదు. పైగా ఒక్క ఉదయం క్యాన్ రాకపోతే వాడకందారు పక్క వ్యాపారికి ఫోన్ చేస్తారు, మళ్లీ మీ దగ్గరకు వస్తారన్న నమ్మకం లేదు. ఈ నష్టం మరమ్మతు బిల్లులో కనిపించదు.

2005లో వచ్చినప్పటి నుంచి డీజిల్ ఏస్‌లో ఉన్న 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్ సాదాసీదాది, బాగు చేయడం తేలిక. దాని మీద నాకు గౌరవమే ఉంది. కానీ మీ పని తీరుకు, అంటే నిమిషానికోసారి ఆగి కదిలే గల్లీ ప్రయాణానికి, క్లచ్, సెల్ఫ్, బ్రేకులు త్వరగా అరుగుతాయి. ఏడెనిమిదేళ్లు అలాగే తిరిగిన బండిలో అవన్నీ ఇప్పటికే అరిగి ఉంటాయి. డీజిల్‌లోనే కొత్తది తీసుకుందామన్న ఆలోచన కూడా వద్దు. ఇందాక చెప్పిన మసి ఫిల్టరు శుభ్రపడాలంటే బండి ఆగకుండా కొంతసేపు వేగంగా నడవాలి. రోజుకు 40 కిలోమీటర్లు, అదీ ఆగుతూ తిరిగే బండిలో మసి పేరుకుపోయి హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు బండికి ఆ బాధ లేదు. మీ ఊళ్లో సీఎన్‌జీ బంకు దగ్గరలో ఉంటే రెండూ వాడుకునే బండిని కూడా చూడండి. రాత్రి ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఎలక్ట్రిక్ బండికి మీ దూరం సరిగ్గా సరిపోతుంది. కొనుగోలు ధర ఎక్కువ కాబట్టి వాయిదా ఎంతవుతుందో తెలుసుకున్నాకే ముందుకు వెళ్లండి.

బరువు చూసుకోవడం మరవవద్దు. 20 లీటర్ల క్యాను నీళ్లే 20 కిలోలు, ఖాళీ క్యాను బరువు అదనం. 750 కిలోలు మోసే బండిలో 35, 36 క్యాన్లు దాటితే మీరు పరిమితి దాటినట్లే. మితిమీరిన బరువుకు 20 వేల రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు అని 2019లో చట్టాన్ని సవరించారు. అరవై క్యాన్లు ఒకే ట్రిప్పులో వేయవలసి వస్తుందనుకుంటే ఇప్పుడే పెద్ద బండి కొనండి, లేదా రెండు ట్రిప్పులకు సిద్ధపడండి.

ఏ కారణం చేతనైనా పాతదే కొనవలసి వస్తే, 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు వరదలో అది మునగలేదని రూఢి చేసుకోండి. ఆ రోజుల్లోనే విజయవాడలో బుడమేరు వరదలో కూడా ఎన్నో బండ్లు మునిగాయి, వాటిలో కొన్ని కడిగి, తుడిచి అమ్మకానికి వచ్చి ఉంటాయి. సీటు పట్టాల సందుల్లో, ఫ్యూజు పెట్టె వెనక, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కట్టల్లో ఎండిన బురద మిగిలిపోతుంది. సీటు కింది స్క్రూలు తుప్పు పట్టి, హెడ్‌లైటు అద్దం లోపల నీటి మరకలు ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. వైరింగు సమస్యలు ఒక్కసారిగా రావు, రెండేళ్ల పాటు వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: మాది జహీరాబాద్ దగ్గర. బీదర్‌లో కర్ణాటక నంబరుతో ఉన్న 2019 పికప్ ఇక్కడి ధరకంటే 60 వేలు తక్కువకు వస్తున్నది. ఫారాల మీద సంతకాలు చేసి ఇస్తాం, నంబరు మార్చకుండా తిప్పుకొమ్మంటున్నారు. కొత్తది కొనే స్తోమత లేదు. తీసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: బండి మంచిదైతే కొనండి, కానీ వారు చెప్పిన పద్ధతిలో వద్దు. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్తగా నమోదు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. అది తేవలసింది అమ్మేవారు. అప్పు, పన్ను, చలాన్లు, పోలీసు కేసు ఏవైనా బాకీ ఉంటే ఆ పత్రం రాదు, కాబట్టి అది వచ్చిందంటే సగం అనుమానాలు తీరినట్లే. నంబరు మార్చకుండా తిప్పుకొమ్మని అంత ధీమాగా చెప్పేవారు ఆ పత్రం ఎందుకు తేలేకపోతున్నారో ముందు అడగండి.

ఇక్కడ నమోదు చేయించేటప్పుడు కట్టవలసిన పన్ను, ఫీజులు ఎంతో జహీరాబాద్ రవాణా కార్యాలయంలో కనుక్కుని ఆ 60 వేలలో నుంచి తీసివేయండి. చాలాసార్లు మిగిలేది ఆఫీసుల చుట్టూ తిరగడానికి కూడా చాలదు. ఢిల్లీ వైపు నుంచి వచ్చే బండ్ల విషయంలో కూడా ఇదే లెక్క వేయాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నందువల్ల అవి చవకగా బయటి రాష్ట్రాలకు వస్తాయి. మన దగ్గర ఆ ఆంక్షలు లేకపోయినా, బండి వయసు బండిదే.

సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతో ఏళ్ల తరబడి బండ్లు చేతులు మారడం మనకు అలవాటైపోయింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట అడిగేది ఆర్‌సీలో పేరు. ఆర్‌సీ మారాక 14 రోజుల్లో బీమా కూడా మీ పేరుకు మార్చాలని కోరాలి. మూడో వ్యక్తికి పరిహారం విషయంలో చట్టం కొంత రక్షణ ఇచ్చినా, మీ బండికి జరిగిన నష్టం మీ చేతికి రావాలంటే పాలసీ మీ పేరు మీదే ఉండాలి. అమ్మేవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, కాబట్టి ప్రీమియం వారు కట్టినదానికంటే ఎక్కువ ఉంటుందని ముందే అనుకోండి.

ప్రశ్న: పదకొండేళ్లు వాడిన పికప్‌ను ఇచ్చేసి కొత్తది కొంటున్నాను. షోరూములో ఎక్స్ఛేంజ్‌కు లక్షా 90 వేలు ఇస్తామంటున్నారు, బయట ఒకరు 2 లక్షల 20 వేలు ఇస్తామంటున్నారు. ఎవరికి ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: బయటి వ్యక్తి మీతో పాటు రవాణా కార్యాలయానికి వచ్చి బదిలీ పూర్తి చేస్తానంటే ఆయనకే ఇవ్వండి, 30 వేలు వదులుకోవలసిన పని లేదు. సొమ్ము ఇచ్చేస్తాను, కాగితాలు తర్వాత చూసుకుందామంటే మాత్రం షోరూముకే ఇవ్వండి. ఎందుకంటే ఆర్‌సీలో పేరు మారేంతవరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. బండిని ఎప్పుడో అమ్మేసినా, అది ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, నమోదులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో ఫారం 29 ద్వారా, కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30 ద్వారా తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చినా అజాగ్రత్త పనికిరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, పాత వాహనాలు కొనే అధీకృత డీలరుకు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకు తెలియజేస్తే అక్కడి నుంచి ఆ బండి బాధ్యత డీలరుదవుతుంది. షోరూముకు ఆ అధీకృత పత్రం ఉందో లేదో అడగండి, ఆ ఫారం రసీదు చేతికి వచ్చాకే తాళాలు ఇవ్వండి. ఫాస్టాగ్‌ను అదే రోజు రద్దు చేయించండి, లేకపోతే టోలు మీ ఖాతాలో నుంచే పోతుంది.